ఆర్‌లో ప్రింట్ చేస్తే \ఎన్ అలాగే కనిపిస్తోంది, లైన్లు విడగొట్టడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది: ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో విద్యార్థి పేరు, మార్కులు, శాతం మూడూ మూడు లైన్లలో రావాలి. ప్రింట్ లోపల కొత్త లైనుకి గుర్తయిన \ఎన్ పెడితే లైను విరగడం లేదు సరికదా, ఆ \ఎన్ కూడా తెరమీదికి వచ్చి కూర్చుంటోంది. ఎవరో చెప్పారని క్యాట్ అనే ఫంక్షన్ వాడితే లైన్లయితే విరిగాయి గానీ రెండో లైను నుంచి ముందు ఒక ఖాళీ వస్తోంది. పైగా తెలుగు పేర్లున్న పట్టిక వంకరటింకరగా ఉంది.

సూటి జవాబు: చదివేవాళ్ల కోసం వచనం చూపించేటప్పుడు ప్రింట్ వాడకండి. లైన్లన్నీ ఒక వెక్టర్‌లో (విలువల వరసలో) పెట్టి రైట్‌లైన్స్ ఫంక్షన్‌కి ఇవ్వండి. వెక్టర్‌లో ఎన్ని ముక్కలుంటే అన్ని లైన్లు వస్తాయి, \ఎన్ అవసరమే ఉండదు.

```
రైట్‌లైన్స్(సి("పేరు: లక్ష్మి", "మార్కులు: 78", "శాతం: 78.0"))
```

క్యాట్‌తోనే చేయాలనుకుంటే ప్రతి లైను చివర \ఎన్ పెట్టి, సెప్ = "" తప్పకుండా ఇవ్వండి.

```
క్యాట్("పేరు: లక్ష్మి\ఎన్", "మార్కులు: 78\ఎన్", సెప్ = "")
```

ఒక మాట: ఇక్కడ కోడ్‌ని పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. \ఎన్ అన్నచోట బ్యాక్‌స్లాష్, దాని పక్కనే చిన్న ఎన్ అక్షరం. రైట్‌లైన్స్‌లో మధ్యనున్న ఎల్ పెద్దక్షరం, అది చిన్నక్షరమైతే అలాంటి ఫంక్షన్ లేదంటుంది. వేరియబుల్ పేర్లు కూడా నాకు తెలుగులో రాయడం సులువని ఇలా రాస్తున్నాను, మీరు ఇంగ్లీషులోనే పెట్టుకోండి.

ఇక ఎందుకిలా అవుతుందో చూద్దాం. ఇది తెలిస్తే మిగతా చిక్కుల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

ప్రింట్ చూపించేది వచనాన్ని కాదు, వస్తువుని. ఆర్‌లో ప్రింట్ పని ఏమిటంటే, మెమరీలో ఉన్నది ఏమిటో కోడ్ రాసేవాడికి తెలియజేయడం. అందుకే చుట్టూ కొటేషన్ గుర్తులు పెడుతుంది, ముందు [1] అని వరస సంఖ్య వేస్తుంది, కంటికి కనబడని అక్షరాలను గుర్తులుగా మార్చి చూపిస్తుంది. కొత్త లైను కూడా కంటికి కనబడని అక్షరమే కాబట్టి దాన్ని \ఎన్ అని రాసి చూపిస్తుంది. అంటే మీ స్ట్రింగ్‌లో (కొటేషన్ల మధ్య రాసిన వచనంలో) తప్పేమీ లేదు. కావాలంటే అక్షరాలు లెక్కపెట్టే ఎన్‌చార్‌తో ఇలా పరీక్షించండి:

```
ఎన్‌చార్("అ\ఎన్‌ఆ")
```

జవాబు 3 వస్తుంది. బ్యాక్‌స్లాష్ ఒకటి, ఎన్ ఒకటి విడివిడిగా ఉండి ఉంటే 4 రావాలి. లోపల ఉన్నది ఒకే ఒక్క కొత్త లైను అక్షరం, ప్రింట్ దాన్ని రెండు గుర్తులతో చూపించింది, అంతే.

చాలామంది ఇక్కడ ప్రింట్‌కే కోట్ = ఫాల్స్ ఇస్తారు, లేదా నోకోట్ వాడతారు. వాటితో పోయేది కొటేషన్ గుర్తులు మాత్రమే. \ఎన్ అలాగే ఉంటుంది, [1] కూడా అలాగే ఉంటుంది. ఆ దారిలో ఎంత దూరం వెళ్లినా లైను విరగదు.

క్యాట్, రైట్‌లైన్స్ రెండూ ఇందుకు పూర్తిగా భిన్నం. అవి అక్షరాలను ఉన్నవున్నట్టు బయటికి పంపుతాయి. కొత్త లైను అక్షరం వెళితే తెర కిందికి దిగుతుంది.

ఆ ముందు ఖాళీ ఎక్కడిది? క్యాట్‌కి మీరు విడివిడిగా ఇచ్చిన ప్రతి రెండు ముక్కల మధ్యా అది సెప్‌ని ఉంచుతుంది. మీరేమీ చెప్పకపోతే సెప్ అంటే ఒక ఖాళీ. మొదటి ముక్క \ఎన్‌తో ముగిసింది, కర్సర్ కింది లైనుకి వచ్చింది, ఆ తర్వాత ఖాళీ పడింది, ఆ తర్వాతే రెండో ముక్క. అందుకే మొదటి లైను బాగుంటుంది, రెండోదాని నుంచి అన్నీ ఒక్క అడుగు లోపలికి జరుగుతాయి. సెప్ = "" ఇస్తే పోతుంది.

ఇదే తప్పు ఇంకో వేషంలో ఎక్కువగా కనిపిస్తుంది:

```
పేర్లు <- సి("లక్ష్మి", "రవి", "సలీం")
మార్కులు <- సి(78, 64, 91)
క్యాట్(స్ప్రింట్‌ఎఫ్("%ఎస్: %డి\ఎన్", పేర్లు, మార్కులు))
```

ఇక్కడ క్యాట్‌కి ఇచ్చింది ఒక్కటే కదా, ఖాళీ ఎలా వచ్చిందని అడుగుతారు. స్ప్రింట్‌ఎఫ్ అంటే %ఎస్, %డి ఉన్నచోట్ల విలువలు నింపే ఫంక్షన్. అది వెక్టర్ మీద పనిచేస్తుంది, మూడు పేర్లకి మూడు స్ట్రింగులు తయారుచేస్తుంది. క్యాట్ దృష్టిలో ఒక వెక్టర్‌లోని మూడు ముక్కలూ, విడివిడిగా ఇచ్చిన మూడు ముక్కలూ ఒకటే. ఇలా వస్తుంది:

```
లక్ష్మి: 78
 రవి: 64
 సలీం: 91
```

ఇలాంటిచోట క్యాట్‌ని సరిదిద్దడంకన్నా \ఎన్ తీసేసి రైట్‌లైన్స్‌కి మారడం మేలు:

```
రైట్‌లైన్స్(స్ప్రింట్‌ఎఫ్("%ఎస్: %డి", పేర్లు, మార్కులు))
```

నేను నివేదికల్లో దాదాపు ఎప్పుడూ ఈ ఒక్క జతనే వాడతాను. లైను ఎలా ఉండాలో స్ప్రింట్‌ఎఫ్ చూసుకుంటుంది, ఎక్కడ విరగాలో రైట్‌లైన్స్ చూసుకుంటుంది. లూపు కూడా అక్కర్లేదు. చివరి లైను తర్వాత కూడా రైట్‌లైన్స్ కొత్త లైను వేస్తుంది కాబట్టి, కన్సోల్ ప్రాంప్ట్ (మీ ఆదేశం కోసం ఎదురుచూసే గుర్తు) మీ వచనం తోకకి అంటుకోదు. క్యాట్‌తో చివర \ఎన్ మరిచిపోతే "శాతం: 78>" అని వచ్చేది అందుకే.

స్ప్రింట్‌ఎఫ్ గురించి రెండు జాగ్రత్తలు. %డి పూర్ణాంకాలకే. 78 ఇస్తే పర్వాలేదు, 78.5 ఇస్తే ఎర్రర్ వస్తుంది. దశాంశాలుంటే %.1ఎఫ్ లేదా %.2ఎఫ్ పెట్టండి. శాతం గుర్తు అచ్చవ్వాలంటే దాన్ని రెండుసార్లు కొట్టాలి: "%.1ఎఫ్%%" అంటే 78.0% వస్తుంది.

రైట్‌లైన్స్‌కి ఉన్న పట్టుదల ఒక్కటే: అక్షరాల వెక్టర్ తప్ప ఇంకేమీ ముట్టుకోదు. నేరుగా 5 అని అంకె ఇస్తే ఎర్రర్ ఇస్తుంది. పేస్ట్, ఫార్మాట్, స్ప్రింట్‌ఎఫ్‌లలో ఏదో ఒకదాని గుండా పంపాలి. మొదట్లో చిరాకుగా ఉంటుంది గానీ, ఇది మంచికే. క్యాట్ ఏదిచ్చినా తీసుకుని తనకు తోచినట్టు మారుస్తుంది, ఆ మార్పులు కొన్నిసార్లు మనకి తెలియకుండా జరిగిపోతాయి. మూడు చెబుతాను.

ఫ్యాక్టర్ (వర్గాల పేర్లను సంఖ్యలుగా దాచే రకం) ఇస్తే పేర్లకు బదులు లోపలి సంకేత సంఖ్యలు అచ్చవుతాయి. జిల్లా పేర్ల కాలమ్ ఫ్యాక్టర్‌గా ఉంటే "గుంటూరు" బదులు 3 అనో 7 అనో వస్తుంది. ముందుగా యాజ్.క్యారెక్టర్ చేయండి.

తేదీ ఇస్తే 1970 జనవరి 1 నుంచి ఎన్ని రోజులయ్యాయో ఆ సంఖ్య వస్తుంది, ఎందుకంటే లోపల నిల్వ ఉన్నది అదే. ఫార్మాట్ చేసి ఇవ్వండి. పేస్ట్ మాత్రం తేదీని సరిగానే అక్షరాల్లోకి మారుస్తుంది, అందువల్ల ఒకచోట సరిగ్గా వచ్చింది ఇంకోచోట ఎందుకు రాలేదన్న అయోమయం కలుగుతుంది.

మూడోది మన లెక్కల్లో తరచూ తగిలేది. ఇది కొట్టి చూడండి:

```
క్యాట్("ఫీజు:", 100000, "\ఎన్")
```

లక్ష అని రాదు. 1ఈ+05 అని వస్తుంది. అదే 250000 ఇస్తే 250000 అనే వస్తుంది. వింతేమీ కాదు: మామూలు రూపం, ఘాత రూపం రెండింటిలో ఏది తక్కువ అక్షరాల్లో పడితే ఆర్ దాన్నే ఎంచుకుంటుంది. 100000కి ఆరు అక్షరాలు, 1ఈ+05కి ఐదు. 250000కి ఘాత రూపంలో ఏడు పడతాయి కాబట్టి మామూలుగా ఉంచేసింది. పేస్ట్ కూడా ఇలాగే చేస్తుంది. ఫీజులు, జీతాలు, జనాభా అచ్చు వేసేటప్పుడు స్ప్రింట్‌ఎఫ్("%.0ఎఫ్", విలువ) వాడితే ఈ గొడవ ఉండదు.

ఇక కామాలు. ఫార్మాట్‌సి లో ఫార్మాట్ = "డి", బిగ్.మార్క్ = "," ఇస్తే 100,000 అని మూడేసి అంకెలకి కామా పెడుతుంది, మనకి కావలసింది 1,00,000. బిగ్.ఇంటర్వల్ ఉంది గానీ దానికి ఒకే సంఖ్య ఇవ్వగలం, మొదట మూడు తర్వాత రెండేసి అని చెప్పలేం. ఈ చిన్న మార్పిడి సరిపోతుంది:

```
జీసబ్("([0-9])(?=([0-9][0-9])+[0-9]$)", "\\1,", స్ప్రింట్‌ఎఫ్("%.0ఎఫ్", విలువ), పెర్ల్ = ట్రూ)
```

ఒక అంకె తర్వాత మిగిలిన అంకెల సంఖ్య మూడు, ఐదు, ఏడు ఇలా బేసిగా ఉంటే అక్కడ కామా పడుతుంది. పెర్ల్ = ట్రూ మరిచిపోతే (?= అనే ముందుచూపు గుర్తుని ఆర్ అర్థం చేసుకోక ఎర్రర్ ఇస్తుంది.

లైన్లన్నీ కలిపి ఒకే స్ట్రింగ్‌గా దాచుకోవాలంటే పేస్ట్‌లో కొలాప్స్ = "\ఎన్" ఇవ్వాలి. సెప్‌కీ కొలాప్స్‌కీ తేడా చాలామందికి తికమక. సెప్ అనేది పక్కపక్కన ఇచ్చిన వేర్వేరు ముక్కలను కలిపేది. కొలాప్స్ ఒకే వెక్టర్‌లోని ముక్కలను నిలువునా మడిచి ఒక్కటి చేసేది. మూడు పేర్ల వెక్టర్ ఇచ్చి సెప్ = "\ఎన్" అంటే ఏమీ జరగదు, మూడూ మూడుగానే ఉంటాయి.

```
మొత్తం <- పేస్ట్(పేర్లు, కొలాప్స్ = "\ఎన్")
రైట్‌లైన్స్(మొత్తం)
```

దాచుకోవడానికి క్యాట్ పనికిరాదు. మొత్తం <- క్యాట్(...) అని రాస్తే తెరమీద వచనం కనబడుతుంది కాబట్టి సరిగా అయిందనుకుంటాం, తీరా చూస్తే వేరియబుల్‌లో ఉండేది నల్, అంటే ఏమీ లేదని చెప్పే విలువ. ప్రింట్(క్యాట్(...)) రాసినవాళ్లకి వచనం కింద నల్ అని అదనంగా రావడం కూడా దీనివల్లే. ఇప్పటికే తెరమీద వస్తున్నదాన్ని, ఉదాహరణకి ఒక పట్టికని, లైన్లుగా పట్టుకోవాలంటే క్యాప్చర్.అవుట్‌పుట్(ప్రింట్(పట్టిక)) వాడండి. లైనుకో ముక్క చొప్పున వెక్టర్ చేతికొస్తుంది.

కోడ్‌లోనే ఎంటర్ కొట్టి రాయొచ్చా? రాయొచ్చు. కొటేషన్ తెరిచి, లైను మధ్యలో ఎంటర్ కొట్టి, కింది లైన్లో కొనసాగించి మూస్తే ఆ ఎంటరే కొత్త లైను అక్షరం అవుతుంది. కన్సోల్‌లో ఇలా చేసేటప్పుడు ప్రాంప్ట్ ప్లస్ గుర్తుగా మారుతుంది, కొటేషన్ ఇంకా మూయలేదని దానర్థం. ఎంతకీ ప్లస్ పోకపోతే ఎస్కేప్ నొక్కండి.

చిక్కు ఎక్కడంటే, ఫంక్షన్ లోపల కోడ్ అందంగా ఉండటానికి మనం పెట్టే ఇండెంటేషన్ ఖాళీలు కూడా స్ట్రింగ్‌లోకి వెళ్లిపోతాయి. మొదటి లైను అంచున ఉంటుంది, మిగతావి నాలుగు అడుగులు లోపలుంటాయి. వాటిని తీసేయడానికి జీసబ్("\ఎన్ +", "\ఎన్", వచనం) చాలు. గ్లూ ప్యాకేజీ వాడేవాళ్లయితే అది ముందున్న ఉమ్మడి ఖాళీలనూ, మొదట్లో చివర్లో ఉన్న ఖాళీ లైన్లనూ తనే కత్తిరిస్తుంది.

2020లో వచ్చిన ఆర్ 4.0.0 నుంచి రా స్ట్రింగులు కూడా ఉన్నాయి: ఆర్ అక్షరం, కొటేషన్, బ్రాకెట్‌తో మొదలవుతాయి. విండోస్ ఫైలు దారులు రాయడానికి బాగుంటాయి. కానీ వాటిలో \ఎన్ అని రాస్తే అది కొత్త లైను కాదు, నిజంగానే రెండు అక్షరాలు. ఎంటర్ కొడితే మాత్రం లైను విరుగుతుంది.

దీనికి దగ్గరిదే ఇంకో సందర్భం. ఎక్సెల్ నుంచో ఏదైనా ఫైలు నుంచో చదివిన వచనంలో ఎవరో \ఎన్ అని చేత్తో టైపు చేసి ఉంటారు. దాన్ని క్యాట్‌కి ఇచ్చినా, రైట్‌లైన్స్‌కి ఇచ్చినా విరగదు, ఎందుకంటే అక్కడ నిజంగానే బ్యాక్‌స్లాష్, ఎన్ రెండు అక్షరాలున్నాయి. ప్రింట్ చేసి చూస్తే రెండు బ్యాక్‌స్లాష్‌లు కనిపిస్తాయి, అదే ఆనవాలు. ఒక బ్యాక్‌స్లాష్ కనిపిస్తే అది కొత్త లైను, రెండు కనిపిస్తే ఉత్త అక్షరాలు. ఇలాంటప్పుడు:

```
జీసబ్("\\ఎన్", "\ఎన్", వచనం, ఫిక్స్‌డ్ = ట్రూ)
```

పొడుగాటి పేరాను వెడల్పుకి తగ్గట్టు విరవాలంటే పని వేరు. క్యాట్‌లో ఫిల్ = 60 అని ఇవ్వొచ్చు గానీ, ఫిల్ ముక్కకీ ముక్కకీ మధ్యనే విరుస్తుంది, ఒక స్ట్రింగ్ లోపలికి చెయ్యి పెట్టదు. నూట యాభై అక్షరాల ఒకే వాక్యం ఇస్తే అది అలాగే పొడుగ్గా పోతుంది. పదాల మధ్య విరవడానికి ఉన్నది ఎస్‌టీఆర్‌ర్యాప్ (స్ట్రింగ్ అన్న ఇంగ్లీషు మాటలోని మొదటి మూడు అక్షరాలు, తర్వాత ర్యాప్, అన్నీ కలిపి ఒకే మాట, అన్నీ చిన్నక్షరాలు):

```
రైట్‌లైన్స్(ఎస్‌టీఆర్‌ర్యాప్(పేరా, విడ్త్ = 60, ఇండెంట్ = 4, ఎక్స్‌డెంట్ = 0))
```

ఇండెంట్ పేరా మొదటి లైనుకి, ఎక్స్‌డెంట్ మిగతా లైన్లకి. ప్రిఫిక్స్ ఇస్తే ప్రతి లైను ముందూ ఆ గుర్తు పడుతుంది, పొడుగాటి వ్యాఖ్యలు తయారుచేయడానికి బాగా పనికొస్తుంది. విడ్త్ 60 అంటే లైనుకి 60కన్నా తక్కువ, అంటే 59 వరకు. సరిగ్గా 60 కావాలంటే 61 ఇవ్వాలి. మీరు ఇదివరకే పెట్టుకున్న ఒంటరి \ఎన్‌లను ఇది మామూలు ఖాళీలుగా మింగేస్తుంది. మధ్యలో ఖాళీ లైను ఉంటేనే కొత్త పేరాగా గుర్తిస్తుంది. అందుకని చిరునామాలు, పద్యాలు, మీరే లైన్లు విడగొట్టుకున్న పట్టికలు దీని చేతికి ఇవ్వకండి.

తెలుగు నిలువు వరసలు. మీ మూడో చిక్కు ఇదే, దీనికి మంత్రమేమీ లేదు. "తెలుగు" అన్న మాటని కన్ను మూడు అక్షరాలుగా చూస్తుంది. ఎన్‌చార్ 6 అంటుంది, ఎందుకంటే త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడి యూనికోడ్ సంకేతాలు. టైప్ = "బైట్స్" ఇస్తే 18 అంటుంది, యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి. స్ప్రింట్‌ఎఫ్‌లో "%-12ఎస్" అని ఇస్తే అది సంకేతాలు లెక్కపెట్టి 12 వరకు ఖాళీలతో నింపుతుంది. గుణింతాలూ ఒత్తులూ ఎక్కువున్న "లక్ష్మి" కి తక్కువ ఖాళీలు, "సలీం" కి ఎక్కువ ఖాళీలు పడతాయి. దానికితోడు కన్సోల్ ఫాంటులో తెలుగు అక్షరాలు ఒకే వెడల్పులో ఉండవు. "ఘ"కీ "ర"కీ చాలా తేడా.

కంటికి కనిపించే అక్షరాల లెక్క కావాలంటే స్ట్రింగ్‌ఐ ప్యాకేజీలో ఎస్‌టీఆర్‌ఐ_కౌంట్_బౌండరీస్ ఉంది, టైప్ = "క్యారెక్టర్" ఇస్తే "తెలుగు"కి 3 చెబుతుంది. దాన్ని బట్టి ఖాళీలు మీరే నింపుకున్నా ఫాంటు వెడల్పుల తేడా మిగిలే ఉంటుంది. కాబట్టి నా సలహా: సంఖ్యలను ఎడమవైపు స్థిర వెడల్పులో పెట్టి, తెలుగు పేరుని లైను చివరికి నెట్టేయండి.

```
రైట్‌లైన్స్(స్ప్రింట్‌ఎఫ్("%4డి  %6.1ఎఫ్  %ఎస్", మార్కులు, శాతం, పేర్లు))
```

పేరు చివర ఉంది కాబట్టి దాని వెడల్పు ఎంతైనా ఎవరినీ నెట్టదు. పేరు ముందే ఉండాలని పట్టుబడితే కన్సోల్ వదిలేసి, నిటర్ ప్యాకేజీలోని కేబుల్ ఫంక్షన్‌తో హెచ్‌టీఎంఎల్ పట్టిక చేయండి. అక్కడ వరసలు గీతల ప్రకారం కుదురుకుంటాయి.

విండోస్‌లో తెలుగు అక్షరాలకు బదులు కోణపు బ్రాకెట్లలో యూ ప్లస్ అని కోడ్ నంబర్లు వస్తుంటే ఆర్ పాతదని అర్థం. 2022లో వచ్చిన 4.2.0 నుంచి విండోస్‌లో కూడా ఆర్ యూటీఎఫ్-8ని సొంత ఎన్‌కోడింగ్‌గా వాడుతోంది, కాకపోతే విండోస్ 10లో 1903 వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. ఆర్‌ని కొత్తది చేసుకోవడం తప్ప మిగతా అతుకులేవీ నిలవవు.

ఫైలులోకి రాసేటప్పుడు. క్యాట్‌కి ఫైలు పేరిచ్చి లూపులో పిలిస్తే చివరి లైను ఒక్కటే మిగులుతుంది, ఎందుకంటే ప్రతిసారీ ఫైలు తుడిచి మళ్లీ రాస్తుంది. అపెండ్ = ట్రూ ఇస్తే కలుపుకుంటూ పోతుంది, కానీ స్క్రిప్ట్ రెండోసారి నడిపితే పాతదాని కింద కొత్తది చేరి నివేదిక రెట్టింపవుతుంది. రైట్‌లైన్స్‌కి ఫైలు పేరిచ్చినా ప్రతి పిలుపుకీ తుడుస్తుంది, దానికి అపెండ్ లేదు. సరైన పద్ధతి కనెక్షన్ ఒక్కసారి తెరవడం:

```
కాన్ <- ఫైల్("నివేదిక.టీఎక్స్‌టీ", "డబ్ల్యు", ఎన్‌కోడింగ్ = "యూటీఎఫ్-8")
రైట్‌లైన్స్("ఫలితాలు", కాన్)
రైట్‌లైన్స్(స్ప్రింట్‌ఎఫ్("%ఎస్: %డి", పేర్లు, మార్కులు), కాన్)
క్లోజ్(కాన్)
```

క్లోజ్ మరిచిపోతే చివరి లైన్లు కొన్ని డిస్కుకి చేరకుండా ఉండిపోవచ్చు. విండోస్‌లో ఇలా రాసిన ప్రతి \ఎన్, క్యారేజ్ రిటర్న్‌తో కలిపి రెండు బైట్లుగా వెళుతుంది. ఫైలు లినక్స్ సర్వర్‌కి వెళ్లాల్సి ఉండి ఆ అదనపు బైటు వద్దనుకుంటే "డబ్ల్యు" బదులు "డబ్ల్యుబి" పెట్టి తెరవండి.

సింక్‌తో మొత్తం అవుట్‌పుట్ మళ్లించేవాళ్లూ ఉన్నారు. నాకు నచ్చదు. మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగితే మూసే సింక్() దాకా కోడ్ చేరదు, ఆ తర్వాత కన్సోల్‌లో ఏది కొట్టినా మౌనంగా ఉంటుంది. ఆర్ చెడిపోయిందనుకుంటారు. సింక్() అని ఖాళీగా ఒకటి రెండుసార్లు కొడితే మాట వస్తుంది.

మెసేజ్ గురించి కూడా చెప్పాలి. "ఫైలు చదువుతున్నాను", "200 వరసలు వదిలేశాను" లాంటి సమాచారానికి క్యాట్ కాదు, మెసేజ్ వాడాలి. అది ఎర్రర్ దారిలో వెళుతుంది, కాబట్టి అసలు అవుట్‌పుట్‌ని ఫైలులోకి మళ్లించినా ఇవి అందులో కలవవు. వద్దనుకున్నవాళ్లు సప్రెస్‌మెసేజెస్‌తో నోరు మూయించొచ్చు. చివర కొత్త లైను తనే వేస్తుంది. కానీ వెక్టర్ ఇస్తే ముక్కలన్నీ మధ్యలో ఖాళీ కూడా లేకుండా అతికించేస్తుంది, కాబట్టి పేస్ట్‌లో కొలాప్స్ = "\ఎన్" చేసి ఇవ్వండి.

తెర కాకుండా వేరేచోట చూపించేటప్పుడు \ఎన్ అర్థం మారిపోతుంది. ఆర్ మార్క్‌డౌన్‌లో (కోడ్, వచనం కలిపి నివేదిక తయారుచేసే పద్ధతి) రిజల్ట్స్ = "యాజిస్" పెట్టి క్యాట్ చేస్తే ఒక్క \ఎన్‌తో కొత్త పేరా రాదు, మార్క్‌డౌన్ దాన్ని ఖాళీగానే చూస్తుంది. రెండు పెట్టండి. షైనీలో (ఆర్‌తో వెబ్ పేజీలు చేసే ప్యాకేజీ) రెండర్‌టెక్స్ట్ ఇచ్చినదాన్ని మామూలు టెక్స్ట్‌అవుట్‌పుట్‌లో చూపిస్తే బ్రౌజర్ \ఎన్‌ని పట్టించుకోదు. వెర్బేటిమ్‌టెక్స్ట్‌అవుట్‌పుట్ వాడండి, లేదా లైన్ల మధ్య బీఆర్ ట్యాగ్ పెట్టి హెచ్‌టీఎంఎల్‌గా పంపండి.

గ్రాఫు శీర్షికలో \ఎన్ మామూలుగానే పనిచేస్తుంది, మెయిన్ = "మొదటి లైను\ఎన్‌రెండో లైను" అంటే చాలు. మూడు లైన్లయితే పైన చోటు చాలక కత్తిరించుకుపోతుంది. పార్‌లో మార్ (అంచుల వెడల్పు) విలువలు మామూలుగా 5.1, 4.1, 4.1, 2.1 ఉంటాయి, వాటిలో మూడోది పై అంచు, దాన్ని 6కి పెంచండి. శీర్షిక పొడుగు ముందే తెలియకపోతే పేస్ట్(ఎస్‌టీఆర్‌ర్యాప్(శీర్షిక, 40), కొలాప్స్ = "\ఎన్") అని ఇవ్వండి, గ్రాఫులు గీసే జీజీప్లాట్ ప్యాకేజీలో కూడా ఇదే నడుస్తుంది. గణిత గుర్తుల కోసం ఎక్స్‌ప్రెషన్ వాడిన శీర్షికల్లో మాత్రం \ఎన్ పనిచేయదు. అక్కడ రెండు లైన్లు కావాలంటే అటాప్(పై లైను, కింది లైను) అని రాయాలి.